మధ్యాహ్నపు కలవరింత

రాంచంద్ర కాదన్నాడంటే కాదే. ఇబ్రహీంపట్నంలో ఆ సంగతి తెలియనివాళ్ళు లేరు. పొలం అడగడానికి వెంచర్లవాళ్ళు కార్లేసుకొచ్చి, చాయ్ తాగి, ఉత్త చేతులతో పోయారు.

అట్లాంటి మనిషితో భార్య మాణిక్యమ్మ ఇన్నేళ్ళు ఎట్లా వేగిందంటారా? ఆమె దగ్గర ఒక కిటుకుంది. అన్నం తిని నడుం వాల్చాడంటే రాంచంద్ర కలవరిస్తాడు. అప్పుడు చెవి దగ్గర మెల్లగా అడిగితే కడుపులో మాట కక్కేస్తాడు. ఇంట్లో బాత్రూం కట్టించింది అట్లాగే. కూతురు నవతను ఇంజనీరింగులో చేర్పించిందీ అట్లాగే. సాయంత్రం లేచి, "నేనా? నేనన్ననా?" అని ఇల్లు పీకి పందిరేసేవాడు. చివరికి తువ్వాల దులిపి భుజాన వేసుకుని, "నిద్రల అన్నా మాట మాటే. కానియ్యి" అనేవాడు.

పాపం, వట్టి అమాయకుడు! మాణిక్యమ్మ చాటుకు వెళ్ళి నవ్వుకునేది.

ఇప్పుడు మాత్రం నవ్వు రావడం లేదు. కొంగరకలాన్ ఫ్యాక్టరీలో తనతో పనిచేసే దానియేలునే చేసుకుంటానంది నవత. కులం వేరు, దేవుడు వేరు. రాంచంద్ర వాళ్ళ అన్న బాలనర్సింహ అప్పటికే తన బామ్మర్ది కొడుకుతో సంబంధం ఖాయం చేశాడు. తెల్లవారితే నిశ్చితార్థం. "నా కంఠంల పాణముండంగ ఆ దానియేలుకియ్య" అని అన్న ముందరే రాంచంద్ర తెగేసి చెప్పాడు. నవత అన్నం ముట్టడం మానేసింది.

మాణిక్యమ్మ బావగారికి ఫోన్ చేసింది.

"బావా, నీ తమ్ముని మనసుల ఏమున్నదో నీ చెవులతోనే ఇందువు రా. నిద్రల మనిషి అబద్ధమాడడు గద!"

బాలనర్సింహ కాదనలేదు. వాళ్ళ వంశంలో కలవరింతంటే దేవుని వాక్కు కిందే లెక్క.

గుబులంతా నవతది. ఎందుకైనా మంచిదని ఒక డాక్టరును అడిగొచ్చింది.

"అమ్మా, కలవరించేటోళ్ళు అడిగినదానికి సక్కగ జవాబియ్యరంట. ఏదో ఒకటి గునుగుతరంట. బాపు ఉల్టా అంటే నా బతుకేంగావాలె?"

"డాక్టర్‌కేమెరుక? మీ బాపు నిద్ర నాకెరుక" అంది మాణిక్యమ్మ. అననైతే అంది గానీ, గుత్తివంకాయలో ఉప్పు వేసిందో లేదోనని రెండుసార్లు రుచి చూసింది.

రాంచంద్ర సుష్టుగా తిన్నాడు. మంచమెక్కాడు. గురక అందుకున్నాడు. బాలనర్సింహ పిల్లిలా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"ఏమయ్యా... నవత పెండ్లి ముచ్చట..." మాణిక్యమ్మ వంగి అడిగింది.

గురక ఆగింది. ఒక మూలుగు. మళ్ళీ గురక. బాలనర్సింహ మీసం దువ్వుకున్నాడు. తలుపు పట్టుకుని నిలబడ్డ నవత ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"పిల్ల తింటలేదయ్యా. ఎవలికిద్దాం, చెప్పు?"

రాంచంద్ర అటు తిరిగి పడుకున్నాడు. పెదాలు కదిలాయి.

"దానియేలు... మంచి పిలగాడే. పిల్ల ఏడ్సుకుంట పోతే నేను బతుక. అన్నకెట్ల చెప్పాలె? అన్నంటే నాకు పాణం. అన్న కాదంటే... ఇగ నేనేంజేస్త..."

బాలనర్సింహ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పిచ్చోడు! లోపల గింత బాధ పెట్టుకున్నడా?" అని గొణిగాడు. లేచి, మరదలితో గుసగుసగా, "మా బామ్మర్దికి నేను చెప్పుకుంట. పిల్ల ఇష్టమే కానియ్యుండ్రి. వాన్ని లేపకు, పండనియ్యి" అన్నాడు. చప్పుడు కాకుండా చెప్పులు చేత్తో పట్టుకుని మరీ బయటికి నడిచాడు.

వాకిట్లో బండి స్టార్టయింది. నవత తల్లిని వాటేసుకుని బావురుమంది. మాణిక్యమ్మ కూతురి వీపు నిమురుతూ, మొగుడు లేచి ఇక ఎంత రచ్చ చేస్తాడోనని బెంగపెట్టుకుంది.

రాంచంద్ర కళ్ళు తెరవకుండానే మెల్లగా అడిగాడు: "అన్న సందు దాటిండానే?"