ఆరాధన పెట్టిన ఒట్టు

ప్రిస్కిల్లాకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. దాగుడుమూతల్లో బిడ్డ ఎక్కడో దూరుతుంది, అది అందులో ఉందని మరిచిపోయి అందరూ ఇళ్లకు పోతారు.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక, పెద్దపల్లి చర్చి పక్కన సత్తమ్మ వాకిట్లో పిల్లలు గుండ్రంగా నిలబడి, దాగుడుమూతల్లో దొంగ ఎవరో తేల్చడానికి పంటలు వేస్తున్నారు. ప్రిస్కిల్లా బిడ్డ చేయి పట్టుకుని వాళ్ల మధ్యనే నిలబడింది. పాట పాడే పిల్ల ఆమె చేతిని కూడా తట్టుకుంటూ పోయింది.

"బాయి కాడికి పోవద్దు. మిద్దె ఎక్కద్దు. పెరట్ల గా వడ్ల గుమ్మి దిక్కు ఎవలూ చూడనే వద్దు, తేలున్నది" అంది ప్రిస్కిల్లా.

తేలు అబద్ధం. ఆ గుమ్మి మాత్రం మనిషి దూరినా కనబడనంత పెద్ద, ఖాళీ వెదురు గాదె. భయం పెట్టకపోతే వింటారా?

దొంగయిన చింటూ నవ్వాడు. "ఆరాధనను ఎతుకుడెందుకత్తా? నువ్వు యాడ నిలబడితే గాడనే ఉంటది."

పిల్లలంతా గొల్లుమన్నారు. ఏడేళ్ల ఆరాధన మూతి వంకర తిరిగింది. మూడు ఆదివారాలుగా మొదట దొరికేది తనే. తల్లి మీదికి తిరిగింది.

"అంత నీ వల్లనే అవ్వా! ఇయ్యాల నా ఎంబడి రాకు. ఒక్కకాడ కదలకుండ కూసో. నేనొచ్చి ముట్టేదాక ఎవలు పిల్సినా పలుకద్దు. నా మీద ఒట్టు!"

బిడ్డ మీద ఒట్టు! ప్రిస్కిల్లా పట్టుకున్న చేయి వదిలేసింది.

సత్తమ్మ చింటూ కళ్లు మూసి పాట అందుకుంది. పిల్లలు తలో దిక్కు ఉరికారు. ప్రిస్కిల్లా చీకట్లో మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది, కొంగు కూడా బయటికి కనబడకుండా.

"దొరికింది!" అని ఒక కేక. వెనకే ఇంకొకటి. చాలాసేపటికి చింటూ గొంతు: "అందరు దొరికిండ్రు. ఒక్కలే దొరుకతలేరు."

ప్రిస్కిల్లా మురిసిపోయింది. ఇన్నాళ్లకు బిడ్డ గెలిచింది!

ఇంకాసేపటికి సత్తమ్మ గొంతు: "బాయిల చూసిండ్రా?"

మురిపెమంతా భయమైంది. అంతలో మొగుడు బెంజమిన్ అరుపు వినబడింది.

"ప్రిస్కిల్లా! ఓ ప్రిస్కిల్లా!"

బిడ్డ కనబడకపోతే ఏ మొగుడైనా ముందు పిలిచేది పెళ్లాన్నే. పలుకుదామని నోరు తెరిచింది. ఒట్టు గుర్తొచ్చింది. అసలే బిడ్డ దొరకడం లేదు, పైన ఒట్టు కూడా తప్పితే దానికేమైతుందో! నోట్లో కొంగు కుక్కుకుని ప్రార్థన మొదలుపెట్టింది.

మీరు అటుగా పోతే జర సత్తమ్మ పెరట్లో వడ్ల గుమ్మి మీద గోనెపట్టా ఎత్తి చూడండి, అందరికంటే ముందే దొరికిపోయిన ఆరాధన ఏడ్చుకుంటూ వెతుకుతోంది, బిడ్డ అందులో దూరకూడదని తానే దూరి కూర్చున్న వాళ్లవ్వ కోసం.