ట్రంకుపెట్టెలో సోమవారాలు

"పన్నెండేళ్లు ఈ ఊళ్లోనే ఉన్నానంటున్నావు కదా. ఏదీ, ఒక్క కాగితం చూపించు!"

గణేష్‌బాబు అరుగు మీదికి కుర్చీ లాక్కుని కాలు మీద కాలేసుకున్నాడు. మెట్ల కింద నిలబడిన అనోమా తలెత్తలేదు. చేతిలో లేసు సూది ఆడుతూనే ఉంది. నరసాపురంలో ఆడవాళ్లు పేరంటానికి వెళ్లినా, పంచాయితీకి వెళ్లినా ఆ సూది వదలరు. శ్రీలంక నుంచి కోడలిగా వచ్చిన ఈమెకూ అదే అలవాటయింది.

ఎంక్వైరీకి వచ్చిన హెడ్ కానిస్టేబుల్ వీరాస్వామి ఫైలు తిరగేశాడు.

"చూడమ్మా, విడాకులు కాకపోతే ఈయన భార్యగా ఏడేళ్లతో సరిపోయేది. ఇప్పుడు నీ అంతట నువ్వు పౌరసత్వానికి పెట్టుకున్నావు. పన్నెండేళ్లు ఇక్కడే ఉన్నట్టు తేలాలి. నీ దగ్గర ఆరేళ్లకే కాగితాలున్నాయి. ముందు ఆరేళ్ల సంగతేంటి? వచ్చే నెలాఖరుకి వీసా కూడా అయిపోతోంది."

"పాత పాస్‌పోర్టు, పాత పర్మిట్లు ఈయన గారి బీరువాలో ఉండేవండి."

"నా బీరువాలో నా చొక్కాలుంటాయి," అన్నాడు గణేష్‌బాబు.

ఆ కాగితాలు పోయిన నెల పెరట్లో కొబ్బరిమట్టలతో పాటు తగలబడ్డాయి. అగ్గిపుల్ల గీసింది ఆయనే. మొగల్తూరు సంబంధం వాళ్లు ఒకటే మాట అన్నారు, ఆ శ్రీలంక ఆవిడ ఊళ్లో ఉండగా మా పిల్లనివ్వమని. అందుకే వీధి వీధంతా తిరిగి చెప్పొచ్చాడు, ఎవరైనా సాక్ష్యం సంతకం పెడితే మర్యాద దక్కదని. ఎదురింటి రెబెక్కా కూడా పొద్దున్నే "మాకెందుకులెండి" అని తలుపేసుకుంది.

"వెళ్లేటప్పుడు పిల్లని తీసుకెళ్దామనుకుంటున్నావేమో," అన్నాడు అనోమా వంక చూస్తూ. "హేమశ్రీ ఇక్కడ పుట్టింది. నా కూతురు. విమానం నీ ఒక్కదానికే."

సూది ఒక్క క్షణం ఆగింది. మళ్లీ కదిలింది.

"హెడ్ గారూ," అంది అనోమా. "కాగితాలు లేవు సరే. నా నడవడి మంచిదని మాత్రం రాయండి. ఇన్నేళ్లలో నా మీద ఒక్కరంటే ఒక్కరు ఫిర్యాదు చేయలేదు."

గణేష్‌బాబు కుర్చీ అదిరేలా నవ్వాడు.

"ఒక్కరూ చేయలేదా! అమ్మా, విన్నావా? నీ ట్రంకుపెట్టె తే!"

చిట్టెమ్మ అప్పటిదాకా గుమ్మంలో కూర్చుని మాజీ కోడల్ని కళ్లతోనే కాల్చేస్తోంది. ఈ మాట కోసమే కాచుకున్నట్టు లోపలికెళ్లి పెట్టెను ఈడ్చుకొచ్చింది. కలెక్టరాఫీసులో ప్రతి సోమవారం తీసుకునే అర్జీల్లో ఆవిడకి ఉన్న అనుభవం ఆ పేటలో ఇంకెవరికీ లేదు. ఏలూరు జిల్లాకేంద్రంగా ఉన్నప్పుడు ఏలూరు బస్సెక్కింది. భీమవరం అయ్యాక భీమవరం బస్సెక్కింది. కలెక్టరాఫీసు గుమాస్తాలు ఆవిడ కనబడగానే ముద్ర చేతిలోకి తీసుకునేవారు.

"మొట్టమొదటిది ఇదండి, రెండు వేల పదమూడు," అంది చిట్టెమ్మ కాగితం విప్పుతూ. "చేపల పులుసులో కొబ్బరిపాలు పోసి ఇంటి పరువు తీసింది!"

"పోశావా అమ్మా?" అడిగాడు వీరాస్వామి.

"పోశానండి."

"చూశారా! ఎంత పొగరో!" అన్నాడు గణేష్‌బాబు.

"ఇది పద్నాలుగు. నా మంచం వాకిట్లోకి లాగేసింది."

"లాగానండి. నల్లులు పట్టాయి."

"నల్లులు నీకే పట్టాయే! ఇది పదిహేను. 'నోరు ముయ్యవే ముసల్దానా' అంది, నలుగురూ వింటుండగా. భాష రాదు రాదు అంటూనే అంత మాట అంది!"

"అన్నానండి," అంది అనోమా తల దించుకుని.

సిగ్గుతో చచ్చిపోతోంది, అనుకున్నాడు గణేష్‌బాబు. ప్రాణం లేచొచ్చింది. వీరాస్వామి ఒక్కో కాగితం తిప్పి చూస్తున్నాడు, వెనక గుచ్చిన జవాబు చదువుతున్నాడు, ఫైల్లో ఏదో రాసుకుంటున్నాడు.

"పదిహేడుది ఏదండి మామ్మగారూ?"

"ఎందుకు లేదండి, మూడున్నాయి!" చిట్టెమ్మ ఉత్సాహంగా అడుగు నుంచి లాగింది. "పద్దెనిమిదిలో మోకాళ్ల నొప్పులతో కూడా వెళ్లాను. రెండు వేల ఇరవైలో బస్సుల్లేకపోతే పోస్టులో పంపాను. దీన్ని ఒక్క ఏడాది కూడా వదల్లేదు!"

"నువ్వు దేవతవే అమ్మా," అన్నాడు గణేష్‌బాబు. "ఏవండీ హెడ్ గారూ, ఇంకేం కావాలి? రాసెయ్యండి."

"రాసేశానండి." వీరాస్వామి కళ్లజోడు సర్దుకున్నాడు. "మొత్తం ముప్పై నాలుగు అర్జీలు. ప్రతిదానికీ ఒకటే జవాబు గుచ్చారు, ఇంటి తగాదా, నేరమేమీ లేదు అని. కాబట్టి నడవడితో పేచీ లేదు."

"అదేంటండి? అయినా దాని దగ్గర కాగితాలు లేవు కదా!"

అనోమా అల్లిక పూర్తయినట్టు దారం పళ్లతో పుటుక్కున కొరికింది.

వీరాస్వామి ఫైలు చిట్టెమ్మ ముందు పెట్టి, కలం అందించాడు.

"సాక్షి సంతకం ఇక్కడ చేయండి మామ్మగారూ. మీ కోడలు పన్నెండేళ్లూ ఇక్కడే ఉందని తేదీలతో సహా, కలెక్టరాఫీసు ముద్రలతో సహా చూపించింది ఈ ఊళ్లో మీరొక్కరే."