పక్కగది చప్పుడు

గోడకి అతికించిన పాత గ్రామఫోన్ రికార్డు అట్ట మళ్లీ జారి కిందపడింది.

"మొదలెట్టాడు మహానుభావుడు," అంటూ రఘువీర్ చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు పీకాడు.

అవతలి గదిలోంచి గోడ మీద ఇంకో దెబ్బ పడింది. తర్వాత చప్పుడు లేదు.

ఢిల్లీ కటవారియా సరాయ్‌లో మూడో అంతస్తు గది అది. రఘువీర్‌కి పగలు కోచింగ్, సాయంత్రమైతే బేస్ గిటార్. స్పీకర్ పెడితే గది ఖాళీ చెయ్యాలని ఇంటి యజమాని చౌధరి ముందే చెప్పాడు. స్పీకర్ లేకపోతే బేస్ మూగదే. అందుకని దాని కొస గోడకి ఆనించి వాయిస్తాడు. అప్పుడు గోడంతా గుమ్మని మోగుతుంది.

ఆ గోడ నిండా రికార్డు అట్టలే. ప్లేయర్ లేదు. బొమ్మ నచ్చితే చాలు, ఆదివారం బజారులో కొనేస్తాడు.

"ఏ అట్ట మీద చూసినా బేస్ వాయించేవాడు చివర్నే ఉంటాడు, సగం మొహంతో," అని తనే నవ్వుకుంటాడు.

అతని బ్యాండుకీ ఒక అట్ట సిద్ధంగా ఉంది. బొమ్మ రఘువీరే గీశాడు. పాటలూ సిద్ధమే. డ్రమ్మరే లేడు. ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్లిపోయాడు.

"కంప్యూటర్ డ్రమ్స్‌తో కానిచ్చేద్దామా?" అని రఘువీర్ అడిగాడు ఓసారి.

"వద్దు. పీనుగ పక్కన నిలబడి పాడినట్టుంటుంది," అంది పాడే అమ్మాయి కిరణ్మయి. "ఆదివారం స్టూడియో. సోమవారం నేను ఉద్యోగానికి పుణె బండెక్కుతున్నా. ఈలోగా మనిషి దొరికాడా, ఆల్బమ్. లేదా, నీ బొమ్మకి ఫ్రేము కట్టించుకో."

ఎంతమందిని అడిగినా మనిషి దొరకలేదు. పైగా పక్కగదివాడి గోల ఒకటి.

పక్కగదిలో ఉండే అన్న ప్రొద్దుటూరు వైపువాడు. ఏళ్ల తరబడి సివిల్స్ రాస్తున్నాడని మెస్‌లో అనుకుంటారు. పేరేమిటని రఘువీర్ ఎప్పుడూ అడగలేదు.

గురువారం మెట్ల మీద ఎదురయ్యాడు.

"తమ్ముడూ, సాయంత్రం పూట నువ్వు వాయిస్తావే..."

"గోడ నాదీ కాదు, నీదీ కాదన్నా."

"అది కాదబ్బా, నేను చెప్పేది..."

"కలెక్టరయ్యాక మొదటి ఆర్డరు నా గిటారు మీదే వేద్దువులే. అప్పటిదాకా ఓర్చుకో."

అతను నవ్వబోయి, నవ్వలేక, పక్కకి జరిగి దారిచ్చాడు.

శుక్రవారం సాయంత్రం పాట మధ్యలో మళ్లీ దెబ్బలు. ఈసారి పడిన అట్ట మూల చిరిగింది. అన్నిట్లోకీ రఘువీర్‌కి ఇష్టమైనది అదే.

చివరిదాకా పంతంగా వాయించాడు. ఫోనులో రికార్డు చేసినదాన్ని వినకుండానే కిరణ్మయికి పంపేశాడు. నేరుగా కిందికి దిగాడు.

"అంకుల్, పక్కాయన నా గోడ బాదేస్తున్నాడు. సున్నం రాలుతోంది."

చౌధరి తింటున్నవాడల్లా లేచాడు.

"మేరీ దీవార్? నా గోడనా?"

శనివారం పొద్దున్నే పక్కగది అన్న ఓ సంచీ, ఓ ట్రంకుపెట్టె పట్టుకుని బయటికొచ్చాడు. వెళ్తూ రఘువీర్ గది గుమ్మం దగ్గర ఆగాడు.

"నా చప్పుడు నీకు ఇబ్బందని తెలీలేదబ్బా. బాగా వాయించు."

రఘువీర్‌కి అది వెటకారంలా తోచింది. తలుపేసుకున్నాడు.

మధ్యాహ్నం కిరణ్మయి ఫోన్ చేసింది.

"ఏరా, డ్రమ్మర్ దొరికాడని చెప్పవేం?"

"ఏ డ్రమ్మర్?"

"నాటకాలాడకు. నిన్న పంపిన పాటలో నీతో వాయించాడే, ఆయన. చేత్తోనే కొడుతున్నాడు. చెక్కపెట్టె మీదా?"

"నేనొక్కణ్ణే వాయించాను కిరణ్."

"అయితే నీకే వినబడలేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విను."

విన్నాడు.

నిన్న ఫోను గోడ అలమరలో పెట్టి రికార్డు చేశాడు. గోడలో మోగిందంతా అందులోకి ఎక్కింది. మొదట తన బేసే వినిపించింది. దాని కిందే, మెత్తగా, పది వేళ్లు నడుస్తున్నాయి.

రెండో చరణం ముందు రఘువీర్ ఎప్పుడూ తొందరపడతాడు. అక్కడ అవతలి చెయ్యి ఒక్క దెబ్బ కొట్టి అతన్ని నిలబెట్టింది. మళ్లీ కలుపుకుని ముందుకి తీసుకెళ్లింది. ఇయర్‌ఫోన్లలో పాట పెట్టుకుని వాయించే రఘువీర్‌కి ఇన్నాళ్లూ వినబడినవి ఆ గట్టి దెబ్బలే.

ఒక్కటీ లయ తప్పలేదు.

కిరణ్మయికి మళ్లీ ఫోన్ చేశాడు.

"విన్నావా? ఇంత బాగా మనతో ఎవరూ వాయించలేదురా," అంటోంది కిరణ్మయి. "రేపు స్టూడియోకి తీసుకొచ్చెయ్. ఇంతకీ పేరేంటి?"

రఘువీర్ ఫోను పెట్టేశాడు. మెట్లు దిగి పరిగెత్తాడు.

"అంకుల్, పక్కగది అన్న నంబరు ఉందా?"

చౌధరి అతన్ని వింతగా చూస్తూ నంబరు కలిపాడు. స్విచ్ఛాఫ్.

"ఊరికి పోయే రైలెక్కి ఉంటాడు. ఇంకో గది చూసుకోమన్నాను. పరీక్ష రాసే వయసు ఎలాగూ దాటిపోయింది, ఇంక గది దేనికన్నాడు."

"నా మీద ఏమైనా అన్నాడా?"

"నీ మాటే ఎత్తలేదు బేటా. అజీబ్ ఆద్మీ, వింత మనిషి," అన్నాడు చౌధరి. "తాళంచెవి చేతికిస్తూ, ఈ గదిలోకి వచ్చేవాణ్ణి మంచం ఆ గోడకే ఆనించి వేసుకోమనండి, సాయంత్రాలు పాట బాగా వినిపిస్తుంది అని చెప్పి వెళ్లాడు."