లేని నంబరు ట్రాన్సిస్టరు

“మీ సర్క్యూటూ వద్దు, గిర్క్యూటూ వద్దు. కంపెనీ బోర్డుకే ఆర్డరిచ్చేస్తున్నా,” అంది ఇల్లాలు, ట్రెడ్‌మిల్ మీద ఆరేసిన తువ్వాళ్లు లాగేస్తూ.

మాస్టారి గుండెల్లో రాయి పడింది. ఆయన ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పే మనిషి. ఒంట్లో షుగర్ ఉంది, రోజూ నడవాల్సిందేనన్నాడు డాక్టరు. నడకకూ మాస్టారికీ చుక్కెదురు. బావమరిది చవగ్గా కొని పంపిన ఈ ట్రెడ్‌మిల్‌లో వేగాన్ని అదుపు చేసే బోర్డు కాలిపోయి ఉండటం ఆయన పాలిట వరమైంది. స్విచ్చి వేస్తే బెల్టు ఒక్కసారిగా లగెత్తుతుంది. దాని మీద నిలబడటం మానవమాత్రుడి వల్ల కాదు.

“తొందరపడకోయ్! వాడి బోర్డు ధరలో ఇరవయ్యో వంతుతో అయిపోయే పనికి అంత తగలేస్తావా?” అంటూ మాస్టారు సర్క్యూటు గీసిన కాగితం తెచ్చి చూపించారు. “ఒక టైమరు చిప్పు, రెండు డయోడ్లు, తిప్పుకోవడానికో నాబు. నాబు ఎంత తిప్పితే మోటారు అంత వేగం. అంతా సిద్ధం. ఒక్క ట్రాన్సిస్టరే తక్కువైంది.”

“దాని పేరేంటి?”

మాస్టారు గడగడా ఒక నంబరు చెప్పారు. ఆవిడ మళ్లీ చెప్పించుకుంది.

నిజానికి ఆ నంబరు ట్రాన్సిస్టరు భూప్రపంచంలో లేదు. మంచం మీద వెల్లకిలా పడుకుని ఆయనే పుట్టించారు. లేని వస్తువును ఏ కొట్టువాడు మాత్రం ఇస్తాడు? అది దొరికేదాకా మోటారు అదుపులోకి రాదు, అదుపులోకి వచ్చేదాకా తను నడవక్కర్లేదు.

“అయితే వెళ్లి తెండి. దొరక్కపోతే ఇంకో వారం ఆగుతా. స్కూటరు సర్వీసింగుకి ఇచ్చాను, వీధి చివరి కొట్టేగా, నడిచే వెళ్లండి,” అంది ఆవిడ. అంతలోనే తువ్వాలుతో కళ్లొత్తుకుంది. “మీకేమన్నా అయితే నా గతేంటండీ?”

మాస్టారికి ఒక్క క్షణం జాలేసింది. కానీ ట్రెడ్‌మిల్ కళ్లబడగానే మనసు మళ్లీ గట్టిపడింది. చెప్పులేసుకుని బయల్దేరారు.

వీధి చివర పార్టుల కొట్టువాడి ముందు నిలబడి, గెలిచినవాడి ధీమాతో నంబరు చెప్పారు. “ఉండదులే, నాకు తెలుసు.”

“ఎందుకుండదు సార్? ఉంది!” అన్నాడు కొట్టువాడు.

మాస్టారు కొట్టు బల్ల మీదికి వంగారు. “ఉందా?”

“నా దగ్గర లేదు. వంతెన అవతల మా అన్న కొట్లో ఉంది. ఆటో మాత్రం ఎక్కకండి, వంతెన మీద పని జరుగుతోంది, బళ్లు వదలడం లేదు.”

మాస్టారికి బుర్ర తిరిగింది. తను పుట్టించిన నంబరును తయారు చేసిన మహానుభావుడెవడు? ఇన్నాళ్లూ పిల్లలకు చెప్పిన పాఠాల మీదే అనుమానమొచ్చింది. అంతకన్నా పెద్ద భయం ఇంకోటి. ఈ కొట్టువాడు దాన్ని తెప్పించి ఇంటికి పంపాడంటే కొంప మునిగినట్టే. ముందే వెళ్లి కొనేసి కాలవలో పారేస్తే పీడా పోతుంది. పంచె ఎగ్గట్టి వంతెన మీద గబగబా అడుగులేశారు.

వంతెన అవతల అన్నగారు కంటికి భూతద్దం పెట్టుకుని రేడియోకి టంకం వేస్తున్నాడు. నంబరు వినగానే పెదవి విరిచాడు. “అయ్యో, ఆఖరిది ఇప్పుడే పోయిందండీ. దానికి గిరాకీ జాస్తి. ఎదురు మేడ మీద మా గోడౌనుంది, అడిగి చూడండి. మూడో అంతస్తు. లిఫ్టు పనిచేయదు.”

మాస్టారు మెట్లన్నీ ఎక్కి, గోడ పట్టుకుని రొప్పుతూ నంబరు చెప్పారు. గోడౌనులో కూర్చున్నావిడ తల కూడా ఎత్తలేదు. “పెద్దదా, చిన్నదా?”

“రెండు రకాలున్నాయా!”

“ఉండేవి. ఇందాకే మీ వీధి కొట్టుకి పంపేశాం.”

మాస్టారికి ముచ్చెమటలు పోశాయి. దడదడా మెట్లు దిగి, మళ్లీ వంతెన దాటి, పరుగులాంటి నడకతో మొదటి కొట్టు ముందు వాలారు.

కొట్టువాడు ఖాళీ చేతులు చూపించాడు. “ఎవరో వచ్చి రెండూ పట్టుకుపోయారు సార్. మళ్లీ సరుకు రావాలంటే వారం.”

అంత ఆయాసంలోనూ మాస్టారికి ఆ మాట తేనె చుక్కలా తగిలింది. కుంటుకుంటూ ఇల్లు చేరారు.

“దొరికిందా?” అంటూ ఇల్లాలు మంచినీళ్లు అందించింది.

“బజారంతా జల్లెడ పట్టాను. వారం ఆగాలి.”

“పాపం, చొక్కా తడిసి ముద్దయింది. కాస్త నడుం వాల్చండి,” అని ఆవిడ బట్టలు ఆరేయడానికి డాబా మీదికి వెళ్లింది.

మాస్టారు సోఫాలో వాలి, కాళ్లు బల్ల మీదికి చాపి, తనలో తనే నవ్వుకున్నారు. ఎవడు చేయగలడు ఇంత చవకైన సర్క్యూట్? పైసా ఖర్చు లేదు, మోటారు వేగం సున్నా.

అంతలో ఆవిడ వదిలేసి వెళ్లిన ఫోను మోగింది. కేకేసే ఓపిక లేక మాస్టారే తీసి చెవికి ఆనించుకున్నారు. హలో అనేలోపే అవతల వీధి చివరి కొట్టువాడి గొంతు హుషారుగా వినిపించింది.

“అమ్మా, మీరు ఫోన్లో చెప్పినట్టే సార్ వంతెన అటూ ఇటూ దాటారు, మూడంతస్తులూ ఎక్కి దిగారు. వారం తర్వాత ఇంకో నంబరు పుట్టించుకొస్తే ఎంత దూరం పంపమంటారు?”