తిట్టని అక్క

బడి మీటింగులకూ, చుట్టాల పరామర్శలకూ జనం తమ బదులు నీడల్ని పంపడం అలవాటయ్యాక, రాజకీయ ఖైదీల విడుదల కమిటీకి కూడా పని తేలికైంది. మన ముఖంతో, మన గొంతుతో మాట్లాడే ఆ యంత్రాన్ని తెర మీదికి పంపితే చాలు, జైలు ములాఖత్ అయిపోతుంది. సమ్మె చేయించి జైలుపాలైన సఫాయి కార్మికుడు మొగిలి దగ్గరికి ఆ కమిటీ వకీలు చంద్రకళ రెండేళ్లుగా తన నీడనే పంపుతోంది. ఆ పూట తాను ఏదో ఒక సభలో నిలబడి ఖైదీల హక్కుల మీద గొంతు చించుకునేది.

ఆ బుధవారం నీడ మొరాయించింది. చేసేది లేక చంద్రకళే తెర ముందు కూర్చుంది. మొగిలి తల ముగ్గుబుట్టలా నెరిసిపోయి ఉంది. ఆమె చివరిసారి చూసినప్పుడు అది నల్లగానే ఉంది.

"ఎట్లున్నవు మొగిలీ? పానం మంచిగున్నదా?" అంది మెత్తగా.

మొగిలి నవ్వాడు. "ఈ వారం గూడ నువ్వే వచ్చినవా, మిషినమ్మా?"

చంద్రకళ నోరు తెరిచేలోపే అతనే అందుకున్నాడు.

"మా వకీలక్కయితే 'బీడీలు బంద్ వెట్టినవా లేదారా, సచ్చినోడా' అని తిట్టందే మాట మొదలువెట్టదు. నువ్వేమో ఎప్పుడు జూసినా తియ్యగ మాట్లాడ్తవు. పోనీలే, అక్కకు మస్తు కేసులుంటయి. నాకు ఎరుకైందని మాత్రం ఆమెకు చెప్పకు. సిగ్గుపడ్తది."

'నేనేరా, సచ్చినోడా' అన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"అట్లనే, చెప్పను," అంది తియ్యగా, అచ్చం నీడలాగే.