రెండో మనిషి

"ఆఫీసులో మీటింగ్ గదులు బుక్ చేసే సాఫ్ట్‌వేర్‌కి తలకింతని కడుతున్నామమ్మా! రోజూ మధ్యాహ్నం ఆ మూల గదికి మీరు చేర్చే రెండో మనిషెవరు? మన స్టాఫ్‌లో ఆ పేరే లేదు," అని మేనేజర్ అందరి ముందూ నన్ను నిలదీశాడు.

"ఒక్కదాన్నే అంటే మీ సాఫ్ట్‌వేర్ గది ఇవ్వట్లేదు సార్."

"అందుకని దొంగ పేరు రాస్తారా?"

"దొంగ పేరేం కాదు. అసలు గది తీసుకునేదే ఆ మనిషి కోసం. పేరు తియ్యను."

"మరి ఖర్చో?"

"గోడలు మనవి, తలుపు మనది. మన గదిలోకి మనం పోవడానికి ఖర్చేంటి సార్?"

ఆయన ముఖం కందగడ్డయింది. "రేపు నేనే వచ్చి చూస్తా!"

అన్నట్టే మర్నాడు నేను లోపలికి వెళ్లాక వచ్చి, తలుపు బయట కాపలా కాశాడు. నేను పని ముగించుకుని తీరిగ్గా గడియ తీశాను.

మా అత్తగారు గేటు దాకా తెచ్చి అందించిన నా నాలుగు నెలల కూతురు, కడుపు నిండిన హాయితో నా భుజం మీద నుంచి ఆయన మొహాన బ్రేవ్‌మని త్రేన్చింది.

"ఈవిడే సార్ రెండో మనిషి. రేపూ ఇదే గది, ఇదే వేళ. తల లెక్క రాసుకోండి."