నిలవని ఇసుక

“నా ఇంట్ల ఈ గాజుతొట్టి వద్దంటే వద్దు!” అంది వసంత.

“మూడుసార్లు అన్నవు. ఇంకోసారంటే నాలుగైతది,” అన్నాడు విష్ణు చాయ్ సాసర్లోకి వంచుకుంటూ. “పోరడు ముచ్చటపడి తెచ్చుకున్నడు. ఉండనీ.”

ఆ ముచ్చటపడ్డ పోరడు, పెళ్లయి ఏడాదైన ఆకాశ్, రెండడుగుల తొట్టిని పొట్టకు ఆనించుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు. నీళ్లలోపల మొక్కలు నాటి చిన్న అడవిలాగా చేస్తాడట. అవి వేళ్లూనాక, నెలకో రెండు నెలలకో, చేపలట. వెనక అతని భార్య నమ్రత, ఆరోనెల కడుపుతో, మొక్కల కవరు పట్టుకుని నవ్వాపుకుంటోంది.

“నీళ్లల్ల గడ్డి పెంచుడు కశాలా, ఎందుకోసం? తులసమ్మకు చెంబెడు నీళ్లు పోసేటోళ్లు లేరు గని!” వసంత విసుక్కుంది.

విష్ణుకు తొట్టి మీద ప్రేమేమీ లేదు. వసంత వద్దంటోంది, అంతే, అది కావాలి. కోడలు నెల తప్పినప్పటి నుంచి వసంత ఒకటే పోరు పెడుతోంది. కింద ఉన్న ఆరు కరెంటు మగ్గాలనూ ఊరి బయట షెడ్డుకు మార్చాలట. ఇల్లంతా ఊగుతోందట. పసిబిడ్డ ఎట్లా పడుకుంటుందట. కుంఠా నాకా పేటలో ఇంటింటా కింద కార్ఖానా, పైన కాపురం కొత్తా? “ఏడ ఊగుతంది? నేను ఈ సప్పుడుల్నే పుట్టి పెరిగిన,” అని కొట్టిపారేసేవాడు విష్ణు. తండ్రి దించిన మగ్గాలు గడప దాటితే తన ప్రాణం దాటినట్టే అతనికి.

“సరే, పెట్టుకోండ్రి,” అంది వసంత చివరికి. “నా ముందుగదిల మాత్రం కుదరదు. ఆ వెనకగదిల పడేసుకోండ్రి.”

ఆమె వంటింట్లోకి వెళ్లగానే విష్ణు కొడుకు వంక చూసి కన్ను గీటాడు. వెనకగదైతేనేం, గెలుపు గెలుపే.

సాయంత్రం మగ్గాలు ఆగాక, చూసిపోదామని కొడుకూకోడళ్ల వెనకగదిలోకి వెళ్లాడు. ఆకాశ్ ఒక చెట్టువేరుకు నాచు కడుతున్నాడు. కట్టిన ప్రతి ముడీ జారిపోతోంది.

“జరుగు! పద్మశాలోళ్ల ఇజ్జత్ తీస్తున్నవు,” అని విష్ణు చొక్కా చేతులు మడిచాడు. కింద నుంచి నూలుపోగు తెచ్చి, తెగిన పోగును అతికినట్టు నాలుగు ముళ్లు వేశాడు. తర్వాత అడక్కుండానే మొక్కలు కూడా నాటాడు. వరసకు ఎనిమిది, బెత్తెడు ఎడం.

“మామా, ఇది టవల్ బార్డర్ కాదు!” నమ్రత పడీపడీ నవ్వింది. “అడవి లెక్క వంకరటింకరగ ఉండాలె.”

“వంకరగ నేస్తే మాలు వాపసొస్తది బిడ్డా,” అన్నాడు గానీ, అన్నీ పీకి మళ్లీ నాటాడు. లోతు కనబడాలని ఇసుకను వెనక బెత్తెడు ఎత్తు, ముందు రెండు వేళ్ల మందం వచ్చేలా వాలుగా పోశాడు. పని అయ్యాక వెనక్కి జరిగి చూసుకుంటే, తను నేసిన మొదటి దుప్పటి చూసుకున్నంత మురిపెం.

మర్నాడు సాయంత్రానికి ఇసుక చదునైపోయింది. మొక్కలు పైన తేలుతున్నాయి.

“చెప్పలే? అవతల పారెయ్యి,” అంది వసంత.

ఆ మాటతో పంతం ఇంకా బిగిసింది. మళ్లీ నాటాడు. మళ్లీ తేలాయి. ఆకాశ్ మొక్కల వేళ్లను తిట్టాడు, ఇసుక మార్చాడు. అశోక్ చౌక్‌లో తొట్టి అమ్మిన దుకాణపాయన చెప్పినట్టు వేళ్ల మీద రాళ్లు పెట్టాడు. రాళ్లూ జారాయి. వారం మొత్తంలో మగ్గాలకు సుట్టి ఇచ్చి కార్ఖానా మూసిన రోజు మాత్రం ఒక్క ఆకు కదలలేదు.

విష్ణుకు అప్పుడు తట్టింది. సుట్టినాడు తను రోజంతా పైనే ఉన్నాడు. అంటే తను లేనప్పుడు ఎవరో పీకుతున్నారు. ఎవరంటే, ఇంకెవరు!

మర్నాడు మగ్గాలు మంచి ఊపులో ఉండగా, “ఇప్పుడే వస్త,” అని పనివాడు అంబాదాస్‌కు అప్పజెప్పి, చెప్పులు కిందే విడిచి మెట్లెక్కాడు. వసంత వంటింట్లో మెంతికూర తెంపుతోంది. దొంగ దొరకలేదని కాస్త నిరాశపడుతూనే వెనకగదిలోకి తొంగి చూశాడు.

నమ్రత చెవి మీద దిండు పెట్టుకుని పడుకుని ఉంది. తొట్టి దగ్గర ఎవరూ లేరు. నీటి మీద సన్నని వలయాలు ఆగకుండా పుడుతున్నాయి. ఇసుక రేణువులు ఒకదాని వెనక ఒకటి కిందికి దొర్లుతున్నాయి. చూస్తూ ఉండగానే, పొద్దున తను నాటిన మొక్క వేళ్లు వదులు చేసుకుని, మెల్లగా పైకి లేచింది.

విష్ణు అరచేయి నేలకు ఆనించాడు. తర్వాత గోడకు. తలెత్తి చూస్తే, ఉయ్యాల కోసం వసంత కొత్తగా దిగగొట్టించిన కొక్కెం టకటకమని వణుకుతోంది. మగ్గాలు నడిచేటప్పుడు అతనుండేది కింద. ఆగాకనే పైకి వస్తాడు. కార్ఖానా చూసుకుంటున్న ఈ ముప్పై ఏళ్లలో, మగ్గాలు నడిచే వేళ అతను ఈ గదిలోకి రావడం ఇదే మొదలు.

నమ్రత ఉలిక్కిపడి లేచి కొంగు సర్దుకుంది.

“ఎప్పుడూ ఇట్లనేనా బిడ్డా?”

“ఇయ్యాల జర తక్కువనే మామా.”

ఆ సాయంత్రం అందరూ అన్నాలకు కూర్చున్నారు. విష్ణు జొన్నరొట్టె తుంచి, పల్లీల పొడిలో అద్ది, నోట్లో పెట్టుకోకుండా ఆగాడు.

“వచ్చే నెల మగ్గాలు షెడ్డుకు పోతయి,” అన్నాడు మెల్లగా. “గడ్డిపోస నిలవని తాన పసిబిడ్డ ఎట్ల పండుకుంటది?”

ఆకాశ్ కంచంలోకి తల దించేశాడు.

“ఇన్ని దినాలు నేను నెత్తీనోరు కొట్టుకుంటే ఇనలే. గడ్డి చెప్తే ఇన్నవా?” అంది వసంత.

“నువ్వు చెప్పినవు. అది చూపెట్టింది,” అని విష్ణు చేయి కడుక్కుని, మగ్గాలను ఒకసారి చూసొస్తానని కిందికి దిగాడు.

అడుగుల చప్పుడు దూరమయ్యాక నమ్రత అత్త దగ్గరికి జరిగింది. “ఇగనన్న ఆ తొట్టి మీద కోపం తగ్గించుకో అత్తమ్మా. అది మనకు మేలే చేసింది.”

వసంత ఖాళీ కంచాలు ఒకదాని మీద ఒకటి పెడుతూ నవ్వింది.

“కోపమేంది బిడ్డా, తెమ్మన్నదే నేను.”